పొరల నేలలో నిలువు స్ట్రెస్ లెక్క: నీటి మట్టానికి పైన, కింద

మీ ముందు ఒక బోర్‌హోల్ లాగ్ ఉంది, అంటే బోరు వేసినప్పుడు ఏ లోతులో ఏం తగిలిందో రాసిన పట్టిక. పైన ఇసుక, దాని కింద బంకమట్టి, ఇంకా కింద గులకరాళ్లు కలిసిన ఇసుక. మధ్యలో ఒకచోట నీళ్లు తగిలాయి. తొమ్మిది మీటర్ల లోతులో మట్టి మీద ఎంత స్ట్రెస్, అంటే చదరపు మీటరుకు ఎంత బరువు, ఉందో చెప్పాలి. పునాది కుంగుబాటు, బేరింగ్ కెపాసిటీ (నేల మోయగల బరువు), రిటైనింగ్ గోడ మీద పడే తోపుడు, పైల్ పక్కల రాపిడి, లిక్విఫాక్షన్ (భూకంపంలో తడి ఇసుక ద్రవంలా మారడం) చెక్, ఏది మొదలుపెట్టినా మొదటి మెట్టు ఇదే. ఇక్కడ అంకె తప్పితే తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా ప్రయోజనం ఉండదు.

మట్టి రిపోర్టులు, డిజైన్ షీట్లు చెక్ చేయడం నా పని. కొత్తగా చేరిన ఇంజినీర్ల షీట్లలో కూడికలు, గుణకారాలు తప్పడం చాలా అరుదు. తప్పు దొరికేది నీటి దగ్గరే. అందుకే ఒక విషయంలో నేను గట్టిగా పట్టుబడతాను: మొత్తం బరువు ఒక కాలమ్‌లో, నీటి ఒత్తిడి ఇంకో కాలమ్‌లో విడివిడిగా లెక్కగట్టండి, తీసివేత చివర్లో మాత్రమే చేయండి. దీనికి ఒక షార్ట్‌కట్ ఉంది. అదీ చెబుతాను, కానీ సరిచూసుకోవడానికే వాడండి.

మూడు అంకెలు

మొదటిది టోటల్ స్ట్రెస్. మీరు ఎంచుకున్న లోతులో ఒక చదరపు మీటరు తీసుకుంటే, దాని పైన ఉన్నదంతా ఎంత బరువో అదే టోటల్ స్ట్రెస్. మట్టి రేణువులు, వాటి మధ్య నీళ్లు, నేల మీద వేసిన ఫిల్లింగ్, నిలిచిన నీళ్లు, అన్నీ ఇందులోకే వస్తాయి. ఒక్కో పొర యూనిట్ వెయిట్‌ను, అంటే ఘన మీటరు మట్టి బరువును, దాని మందంతో గుణించి, పై నుంచి కిందికి కూడుకుంటూ పోవాలి.

రెండోది పోర్ వాటర్ ప్రెషర్. రేణువుల మధ్య ఖాళీల్లో ఉన్న నీటి ఒత్తిడి. నీళ్లు కదలకుండా ఉంటే, నీటి మట్టం నుంచి కిందికి ఎన్ని మీటర్లు ఉన్నామో దాన్ని నీటి యూనిట్ వెయిట్ 9.81తో గుణిస్తే చాలు. కొలవాల్సింది నేల మట్టం నుంచి కాదు, నీటి మట్టం నుంచి. ఈ వాక్యం ఎన్ని షీట్ల అంచుల్లో రాశానో చెప్పలేను.

మూడోది ఎఫెక్టివ్ స్ట్రెస్. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేది. మట్టి రేణువుల చట్రం నిజంగా మోస్తున్న వాటా ఇదే. నీళ్లకు కోతను తట్టుకునే శక్తి లేదు, ఆ పని చేయాల్సింది రేణువులే. అవి ఒకదాన్నొకటి ఎంత గట్టిగా ఒత్తుకుంటే మట్టికి అంత బలం. కుంగుబాటు కూడా ఈ వాటా పెరిగినప్పుడే వస్తుంది. 1920లలో కార్ల్ టెర్జాఘి ఈ విషయం తేల్చాడు. 1936లో హార్వర్డ్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ సాయిల్ మెకానిక్స్ సదస్సులో దాన్ని సూత్రంగా స్పష్టంగా చెప్పాడు. ఇంత చిన్న తీసివేత మీద ఒక శాస్త్రం మొత్తం నిలబడిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

యూనిట్ వెయిట్లు ఎక్కడి నుంచి తేవాలి

ల్యాబ్ రిపోర్టులో చాలాసార్లు ఘన సెంటీమీటరుకు ఇన్ని గ్రాములు అని సాంద్రత ఇస్తారు. మనకు కావలసింది ఘన మీటరుకు కిలోన్యూటన్లు. 9.81తో గుణించండి. 1.85 గ్రాములని ఉంటే 18.15 కిలోన్యూటన్లు అవుతుంది. అది బల్క్ సాంద్రతా (తేమతో కలిపి), డ్రై సాంద్రతా (తేమ లేకుండా) అని ముందే చూసుకోండి. డ్రై సాంద్రత మాత్రమే ఇస్తే, దాన్ని ఒకటి ప్లస్ తేమ శాతంతో గుణిస్తే బల్క్ వస్తుంది. తేమ 10 శాతమైతే 1.10తో గుణించాలి.

నీటి మట్టానికి కింద ఉన్న బంకమట్టికి సాంద్రత ఇవ్వకపోయినా దారి ఉంది. అది పూర్తిగా నీళ్లతో నిండి ఉంటుంది కాబట్టి తేమ నుంచే వాయిడ్ రేషియో (ఖాళీల ఘనపరిమాణానికీ రేణువుల ఘనపరిమాణానికీ నిష్పత్తి) వచ్చేస్తుంది. తేమ 37 శాతం, రేణువుల స్పెసిఫిక్ గ్రావిటీ (నీటికి ఎన్ని రెట్లు బరువో) 2.70 అనుకుందాం. రెండింటినీ గుణిస్తే వాయిడ్ రేషియో దాదాపు 1.0. ఇప్పుడు 2.70కి 1.0 కలిపి, 2.0తో భాగించి, 9.81తో గుణిస్తే 18.15. ల్యాబ్ ఇచ్చిన అంకెకూ దీనికీ ఎక్కువ తేడా వస్తే, శాంపిల్ చెడిపోయిందేమో అడగాలి.

ఇసుక విషయం వేరు. చెక్కుచెదరని శాంపిల్ తీయడం కష్టం కాబట్టి పెనిట్రేషన్ టెస్ట్ (నేలలోకి కడ్డీ దిగడానికి ఎంత ప్రతిఘటన ఉందో కొలిచే పరీక్ష) అంకెలను బట్టి అంచనా వేస్తాం. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి: ఒకే ఇసుక పొర అయినా, నీటి మట్టానికి పైన ఒక యూనిట్ వెయిట్, కింద ఇంకొకటి. స్పెసిఫిక్ గ్రావిటీ 2.65, వాయిడ్ రేషియో 0.65 ఉన్న ఇసుక పూర్తిగా ఎండితే 15.8, పది శాతం తేమతో 17.3, నీళ్లతో నిండితే 19.6. పొర ఒకటే కదా అని ఒకే అంకె వేసేస్తే మొదటి రెండు మీటర్లలోనే లెక్క దారి తప్పుతుంది.

నీటి మట్టాన్ని నమ్మే ముందు

బోరు వేస్తుండగా రాసిన నీటి లోతును నేను వాడను. డ్రిల్లింగ్‌కు పోసిన నీళ్లో, రంధ్రం కూలకుండా పోసిన బెంటొనైట్ బంకమట్టి ద్రవమో రంధ్రంలో ఉంటుంది, ఆ మట్టం నేలలోని నీటిది కాదు. కనీసం 24 గంటలు ఆగి కొలిచింది కావాలి. బంకమట్టిలో అదీ చాలదు. నీళ్లు నెమ్మదిగా ఊరుతాయి కాబట్టి స్టాండ్‌పైప్ (నీటి మట్టం చూసే రంధ్రాల గొట్టం) పెట్టి, మార్పు ఆగేదాకా కొలవాలి. కొలిచిన తేదీ కూడా రాయండి. ఎండాకాలం చివర్లో కొలిచిన మట్టం వానాకాలానికి పనికిరాదు.

ఇంకో సంగతి. పై పొరల్లో పలుచటి బంకమట్టి పలక ఉండి, దాని మీద కొంచెం నీళ్లు నిలిచి, దాని కింద మళ్లీ తడి లేని ఇసుక ఉండొచ్చు. అలాంటి చోట పై నీటి మట్టం నుంచి కిందిదాకా ఒకే గీత లాగితే లేని ఒత్తిడిని ఉన్నట్టు చూపించినవాళ్లం అవుతాం. లాగ్‌లో నీళ్ల కింద పొడి ఇసుక కనిపిస్తే ఆగి ఆలోచించండి.

లెక్క మొదలు

ముందు బొమ్మ వేయండి. నిలువుగా నేల పొరలు, పక్కన లోతులు, నీటి మట్టానికి నీలి గీత. స్ప్రెడ్‌షీట్ ఉన్నా నేను ముందు కాగితం మీదే గీస్తాను. ఎక్కడెక్కడ లెక్క ఆపాలో బొమ్మే చెబుతుంది: పొర మారిన ప్రతిచోటా, నీటి మట్టం దగ్గరా. ఈ రెండు రకాల చోట్ల మధ్య అంతా సరళరేఖే.

ఉదాహరణకు ఈ నేల తీసుకుందాం. 0 నుంచి 5 మీటర్ల దాకా ఇసుక, నీటి మట్టం 2 మీటర్ల దగ్గర. మట్టానికి పైన ఇసుక యూనిట్ వెయిట్ 17, కింద 20. తర్వాత 5 నుంచి 9 దాకా బంకమట్టి, 18. ఆ కింద 9 నుంచి 12 దాకా గులక ఇసుక, 21. అన్నీ ఘన మీటరుకు కిలోన్యూటన్లలో.

టోటల్ స్ట్రెస్ ముందు. 2 మీటర్ల దగ్గర 2 × 17 = 34 కిలోపాస్కల్స్ (చదరపు మీటరుకు కిలోన్యూటన్లు). 5 దగ్గర దానికి 3 × 20 కలిపితే 94. 9 దగ్గర 4 × 18 కలిపి 166. 12 దగ్గర 3 × 21 కలిపి 229.

ఇప్పుడు మట్టి పొరలన్నీ మరిచిపోయి నీళ్లు మాత్రమే చూడండి. నీళ్లు కదలనప్పుడు ఇసుకైనా బంకమట్టైనా దానికి ఒకటే. 2 దగ్గర సున్నా. 5 దగ్గర 3 × 9.81 = 29.43. 9 దగ్గర 7 × 9.81 = 68.67. 12 దగ్గర 10 × 9.81 = 98.10.

తీసివేస్తే:

2 మీ.: 34 − 0 = 34 కిలోపాస్కల్స్
5 మీ.: 94 − 29.43 = 64.57
9 మీ.: 166 − 68.67 = 97.33
12 మీ.: 229 − 98.10 = 130.90

లెక్కలో 9.81 పెట్టి చివర్లో గుండ్రం చేయండి. కొందరు మొదటి నుంచీ 10 వాడతారు, చేతి లెక్కకు ఫర్వాలేదు, కానీ ఒకే షీట్‌లో రెండూ కలపొద్దు. 97.33 అని రిపోర్టులో రాయడం కూడా అతి. యూనిట్ వెయిట్లే అంత ఖచ్చితంగా తెలియవు, 97 చాలు.

బంకమట్టి కుంగుబాటుకు సాధారణంగా పొర మధ్యలో విలువ కావాలి. 7 మీటర్ల దగ్గర టోటల్ 94 + 2 × 18 = 130, నీరు 5 × 9.81 = 49.05, ఎఫెక్టివ్ 80.95. ఈడోమీటర్ టెస్ట్‌లో (బంకమట్టి శాంపిల్‌ను నిలువుగా ఒత్తి కుంగుబాటు కొలిచే పరీక్ష) వచ్చిన ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్‌ను, అంటే ఆ మట్టి గతంలో మోసిన అత్యధిక ఎఫెక్టివ్ స్ట్రెస్‌ను, పోల్చాల్సింది ఈ 81తోనే, టోటల్ 130తో కాదు.

ఇప్పుడు షార్ట్‌కట్. నీటి మట్టం కింద ప్రతి పొర యూనిట్ వెయిట్ నుంచి 9.81 ముందే తీసేసి, ఆ సబ్‌మర్జ్‌డ్ యూనిట్ వెయిట్‌తో నేరుగా ఎఫెక్టివ్ స్ట్రెస్ కట్టొచ్చు. 34 + 3 × 10.19 + 4 × 8.19 = 97.33. సరిపోయింది. ఇది చూసి మురిసిపోయి చాలామంది రెండు పద్ధతుల్నీ కలిపేస్తారు. సబ్‌మర్జ్‌డ్ అంకెలతో కూడి, మళ్లీ పోర్ ప్రెషర్ కూడా తీసేస్తారు. నీళ్లను రెండుసార్లు తీసినట్టు. 9 మీటర్ల దగ్గర అలా చేస్తే 97.33 − 68.67 = 28.66 వస్తుంది. తొమ్మిది మీటర్ల లోతులో ఇంత తక్కువ అంకె కనిపించగానే అనుమానం రావాలి. నీళ్లు పైదాకా ఉండి కదలకుండా ఉన్న మామూలు నేలలో ఎఫెక్టివ్ స్ట్రెస్ మీటరుకు 8 నుంచి 11 చొప్పున పెరుగుతుంది. నీటి మట్టం లోతుగా ఉంటే ఇంకా ఎక్కువే ఉంటుంది.

గ్రాఫ్ గీసినప్పుడు ఇంకో పరీక్ష. మామూలు నీటి మట్టం ఉన్న చోట పొర మారిన దగ్గర గీత వాలు మారుతుంది కానీ గీత తెగి పక్కకు దూకదు. దూకిందంటే ఎక్కడో ఒక పొర మందం తప్పు పడింది.

నీటి మట్టానికి పైన ఉన్న తడి

మట్టానికి పైన అంతా పొడిగా ఉంటుందనుకోవడం గులకరాళ్ల వరకే నిజం. సన్నని ఇసుకలో, సిల్ట్‌లో, బంకమట్టిలో నీళ్లు కేశికత్వం వల్ల పైకి ఎక్కుతాయి. ఆ ఎక్కిన భాగం నీళ్లతో నిండి ఉంటే రెండు మార్పులు చేయాలి. ఒకటి, అక్కడ కూడా సాచురేటెడ్ (నీళ్లతో నిండిన) యూనిట్ వెయిట్ వాడాలి. రెండు, అక్కడి పోర్ ప్రెషర్ మైనస్ అవుతుంది. మట్టానికి ఒక మీటరు పైన −9.81. మైనస్‌ను తీసివేస్తే కూడిక కాబట్టి ఎఫెక్టివ్ స్ట్రెస్ టోటల్ కంటే ఎక్కువ వస్తుంది. తడి ఇసుకలో తవ్విన నిలువు గోడ కాసేపు నిలబడేది ఈ పీల్పు వల్లే. వాన పడినా, పూర్తిగా ఎండినా ఆ పీల్పు పోతుంది, గోడ కూలుతుంది. అందుకే డిజైన్‌లో ఈ అదనపు బలాన్ని నేను లెక్కలోకి తీసుకోను. బరువు పెరగడాన్ని మాత్రం తీసుకుంటాను.

నీటి మట్టం కదిలితే

మన ఉదాహరణలో మట్టం నేల దాకా పెరిగిందనుకోండి. 5 మీటర్ల దగ్గర టోటల్ 5 × 20 = 100, నీరు 49.05, ఎఫెక్టివ్ 50.95. ముందు 64.57 ఉండేది. నేల మీద ఒక్క ఇటుక కూడా కదలలేదు, టోటల్ పెరిగింది కూడా, అయినా ఇసుక తన బలంలో ఐదో వంతు పోగొట్టుకుంది. బేరింగ్ కెపాసిటీకి ఊహించదగ్గ అత్యధిక నీటి మట్టం తీసుకోమనేది ఇందుకే.

అక్కడి నుంచి నీళ్లు నేల మీద మూడు మీటర్లు నిలిస్తే? టోటల్‌కు 29.43 కలుస్తుంది, పోర్ ప్రెషర్‌కు కూడా అదే 29.43 కలుస్తుంది. ఎఫెక్టివ్ 50.95 దగ్గరే ఉంటుంది. చెరువు అడుగు మట్టి పైన ఎంత లోతు నీళ్లున్నా గట్టిపడదు.

మట్టం 2 నుంచి 4 మీటర్లకు దిగితే కథ తిరగబడుతుంది. ఆ రెండు మీటర్ల ఇసుకలో నీళ్లు ఇంకిపోయి 20 కాస్తా 17 అవుతుంది. 9 దగ్గర టోటల్ 160, నీరు 5 × 9.81 = 49.05, ఎఫెక్టివ్ 110.95. 13.62 పెరిగింది. బంకమట్టికి ఇది కొత్త బరువే. కాకపోతే ఇసుకలోలా వెంటనే రాదు. బంకమట్టిలో నీళ్లు బయటికి పోవడానికి నెలలు, ఏళ్లు పట్టొచ్చు, ఎఫెక్టివ్ స్ట్రెస్ అంత నెమ్మదిగానే పెరుగుతుంది. పై అంకె చివరికి చేరేది.

నేల మీద విశాలంగా వేసిన ఫిల్లింగ్ కూడా ఇలాగే పనిచేస్తుంది. మీటరు ఎత్తు ఫిల్లింగ్ 20 కిలోపాస్కల్స్ అనుకుంటే ప్రతి లోతులో టోటల్‌కు 20 కలుస్తుంది. ఇసుకలో అది వెంటనే ఎఫెక్టివ్ అవుతుంది. బంకమట్టిలో మొదటిరోజు ఆ 20 మొత్తం నీళ్లే మోస్తాయి, నీళ్లు పోయే కొద్దీ రేణువుల మీదికి మారుతుంది. ఇది విశాలమైన బరువుకే. చిన్న ఫుటింగ్ బరువు లోతుకు వెళ్లేకొద్దీ పక్కలకు పరుచుకుని తగ్గుతుంది. దానికి 1885లో బూసినెస్క్ ఇచ్చిన పరిష్కారమో, రెండుకు ఒకటి వాలు పద్ధతో వాడి, వచ్చిన అంకెను పై లెక్కకు కలపాలి.

కింది పొరలో వేరే ఒత్తిడి ఉంటే

రెండు కాలమ్‌లు విడిగా ఉంచమని పట్టుబట్టేది ముఖ్యంగా దీనికోసం. బంకమట్టి మూతలా ఉన్నప్పుడు, కింది గులక ఇసుకలో నీటి ఒత్తిడికీ పై ఇసుకలోని నీటి మట్టానికీ సంబంధం ఉండాలని లేదు.

మన నేలలోనే గులక ఇసుకలోకి పిజోమీటర్ (ఆ ఒక్క పొరలోని నీటి ఒత్తిడిని కొలిచే గొట్టం) దించితే నీళ్లు నేల మట్టానికి ఒక మీటరు పైకి ఎగిశాయనుకోండి. మూత కింది నీళ్లు ఇలా ఒత్తిడితో నేల కంటే పైకి ఎగిసేదే ఆర్టీసియన్ పరిస్థితి. 9 మీటర్ల దగ్గర పోర్ ప్రెషర్ 7 × 9.81 కాదు, 10 × 9.81 = 98.10. టోటల్ అదే 166. ఎఫెక్టివ్ 67.90 మాత్రమే. షార్ట్‌కట్ మాత్రం అదే 97.33 చెబుతూ ఉంటుంది, దానికి ఈ సంగతి తెలిసే దారే లేదు. బంకమట్టి లోపల పోర్ ప్రెషర్ పైన 29.43 నుంచి కింద 98.10 దాకా సరళరేఖలో మారుతుంది, నీళ్లు నిలకడగా పైకి ఊరుతున్నాయి కాబట్టి. మధ్యలో, 7 దగ్గర, 63.77. ఎఫెక్టివ్ 66.23. బంకమట్టి పై నుంచి కింది దాకా ఎఫెక్టివ్ స్ట్రెస్ దాదాపు పెరగనే లేదు.

దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. లోతు బోర్లు గులక ఇసుక నుంచే నీళ్లు తోడితే, అక్కడి పిజోమీటర్ మట్టం నేలకు 6 మీటర్ల కిందికి పడిపోవచ్చు. పై ఇసుకలో మట్టం ఎప్పటిలా 2 దగ్గరే ఉంటుంది, పై బావి చూసినవాళ్లకు ఏ మార్పూ కనిపించదు. కానీ 9 దగ్గర నీరు 3 × 9.81 = 29.43, ఎఫెక్టివ్ 136.57. ముందున్న 97.33 మీద 39 ఎక్కువ. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో ఒకచోట 1925 నుంచి 1977 మధ్య నేల దాదాపు 9 మీటర్లు కుంగింది. కారణం ఇలాంటి తోడకమే. మెక్సికో సిటీ కుంగడం వెనక కూడా ఇదే ఉంది.

ఇక తవ్వకం. ఆర్టీసియన్ సందర్భంలో పై ఇసుకలో నీళ్లు తోడేసి గొయ్యి తవ్వుతున్నాం. 5 మీటర్లు, అంటే బంకమట్టి పై దాకా తవ్వితే, మిగిలిన బంకమట్టి బరువు 4 × 18 = 72. కింద నుంచి నీళ్లు పైకి తోసేది 98.10. గొయ్యి అడుగు ఉబ్బి పగులుతుంది. ఎంత దాకా తవ్వొచ్చు? 3 మీటర్లు తవ్వితే 166 నుంచి 34, 20 పోయి 112 మిగులుతుంది, 98.10తో దాని నిష్పత్తి 1.14. 3.7 మీటర్ల దగ్గర రెండూ సమానమవుతాయి. అక్కడితో ఎఫెక్టివ్ స్ట్రెస్ సున్నా. 1.14 కూడా నాకు చాలదు, పొర మందం బోరుకూ బోరుకూ మారుతుంది కాబట్టి.

ఇలాంటి షీట్ నా దగ్గరికి వస్తే గులక ఇసుకలో పిజోమీటర్ రీడింగ్ లేకుండా సంతకం పెట్టను. రీడింగ్ ఉండి, తవ్వకం తప్పదంటే, రిలీఫ్ వెల్స్ (కింది పొర నీళ్లను బయటికి వదిలే బావులు) వేసి కింది ఒత్తిడి తగ్గించాలి. ఎంత తగ్గించాలో కూడా ఇదే లెక్క చెబుతుంది. 5 మీటర్లు తవ్వి 1.2 నిష్పత్తి కావాలంటే 72 ÷ 1.2 = 60 కిలోపాస్కల్స్. 9.81తో భాగిస్తే 6.1 మీటర్ల నీరు. అంటే 9 మీటర్ల లోతు నుంచి లెక్కిస్తే, పిజోమీటర్‌లో నీళ్లు నేలకు 2.9 మీటర్ల కిందికి దిగాలి, పని పూర్తయి పైన బరువు పడేదాకా అక్కడే ఉండాలి. పంపులకు రెండో కరెంట్ సరఫరా ఉందా అని షీట్ కిందే రాసి అడుగుతాను.